కరెంటు పోయినా పలికిన సర్వర్

2008లో శనగ పంట కళ్ళాల నుంచి అంగళ్ళకు వస్తున్న రోజుల్లో, కోయిలకుంట్లకు దగ్గరలోని ఒక చిన్న వ్యాపార పట్నంలో జరిగిన సంగతి ఇది. ఊరి పేరు చెప్పను. మనతో పని చేయించుకున్నవాళ్ళ వివరాలు బయట పెట్టకపోవడం మా వృత్తిలో మొదటి మర్యాద. మనుషుల పేర్లు కూడా మార్చాను. నేను చేసిన పనిని మాత్రం మార్చలేదు.

ఈ కథను నేను శిక్షణ తరగతుల్లో ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. సర్వర్‌లో ఎవరి కంటా పడని కన్నాన్ని ఎలా కనిపెట్టానో, దాంతో ఒక నిర్దోషి ఉద్యోగం ఎలా నిలబడిందో చెబితే విద్యార్థులు చప్పట్లు కొట్టేవారు. కన్నం దొరికిందన్న మాటలో అబద్ధం లేదు. కాకపోతే మొదటి రోజును వదిలేసి రెండో రోజు నుంచి మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి మొదటి రోజు నుంచి చెబుతాను.

అప్పట్లో కర్నూలులో నాకు ఒక చిన్న దుకాణం ఉండేది. ఆఫీసులకు కంప్యూటర్లు అమర్చడం, వాటిని వైర్లతో కలిపి నెట్‌వర్క్ వేయడం మా పని. హైదరాబాదులో కొన్నాళ్ళు ఉండి సెక్యూరిటీ టెస్టింగ్ కూడా నేర్చుకొని వచ్చాను. యజమాని అనుమతి తీసుకొని, దొంగ ఏయే దారుల్లో రాగలడో ఆ దారుల్లో ముందుగా మనమే నడిచి చూడడాన్ని సెక్యూరిటీ టెస్టింగ్ అంటారు. నేర్చుకోవడమైతే నేర్చుకున్నాను గానీ, మా వైపు ఆ పని అడిగేవాళ్ళు లేరు. వైరస్ పోగొట్టమనీ ప్రింటర్ బాగు చేయమనీ వచ్చేవాళ్ళే అందరూ. అందుకే శనగ వర్తకుల సంఘం అధ్యక్షుడు సుబ్బరామయ్య శెట్టి ఫోన్ చేసినప్పుడు నాకు పండగలా అనిపించింది.

"ఏమప్పా, కంప్యూటర్లో దొంగలు పడితే పట్టుకుంటావంట కదా?" అన్నాడు.

"దొంగను పట్టుకోలేను శెట్టిగారూ. దొంగ ఏ దారిలో వచ్చి ఉండొచ్చో చెప్పగలను."

"అది సాలు. దారి తెలిస్తే దొంగ ఎవడో మాకే తెలుస్తాది."

ఆ రోజు నేను కడపలో ఉన్నాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పి, ల్యాప్‌టాప్ మూత వేసి సంచిలో పెట్టుకొని, అటు నుంచి అటే బస్సెక్కాను. మర్నాడు పొద్దున్నే ఆ ఊళ్ళో దిగాను. ల్యాప్‌టాప్ మూత వేశానన్న మాట గుర్తుంచుకోండి. ఆపేయలేదు. మూత తెరవగానే ముందురోజు ఎక్కడ వదిలానో అక్కడి నుంచే అన్నీ మొదలయ్యేలా నిద్రపుచ్చానంతే.

అంగళ్ళ వీధి అప్పుడే తెరుచుకుంటోంది. వాకిళ్ళలో నీళ్ళు చల్లి ఉన్నాయి, సాంబ్రాణి వాసన వస్తోంది. ప్రతి అంగట్లోనూ దేవుడి పాటలు వినిపిస్తున్నాయి. వింతేమిటంటే అన్ని అంగళ్ళలోనూ ఒకటే పాట. ఒక అంగట్లో చరణం మొదలైతే పక్క అంగట్లో అంతకుముందు పల్లవి పాడుతోంది, ఎదురుగా ఉన్నదాంట్లో పాట అయిపోవస్తోంది. వీధి పొడవునా నడుస్తుంటే ఒకే పాట వెనక్కీ ముందుకూ జరుగుతున్నట్టు ఉంది. నాకు ముచ్చటేసింది. నిలబడి విన్నాను కూడా. ఇన్ని అంగళ్ళలో ఒకే పాట ఎక్కడి నుంచి వస్తోందని మాత్రం అడగలేదు. సర్వర్‌ను పరీక్షించడానికి వచ్చినవాడు మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే.

సంఘం ఆఫీసులో శెట్టి నాకు కాఫీ ఇప్పించి, వ్యవహారం వివరించాడు. పూర్వం శనగల ధర తువ్వాల కింద తేలేదట. అమ్మేవాడి చేయీ కొనేవాడి చేయీ తువ్వాల కిందికి పోతాయి. వేళ్ళు నొక్కుతూ బేరం సాగుతుంది. పక్కన పదిమంది నిలబడి ఉన్నా ఎవరు ఎంతకు అడిగారో ఆ ఇద్దరికే తెలుస్తుంది. శెట్టికి ఆ పద్ధతి అంటే ఇష్టమే. అయితే వర్తకులు ఎక్కువై తగాదాలు పెరిగాయి. దాంతో సంఘం తరఫున ఒక సర్వర్ పెట్టించాడు. సర్వర్ అంటే పెద్దదేమీ కాదు, మిగతా కంప్యూటర్లన్నీ కలిసే ఒక కంప్యూటర్. ప్రతి అంగట్లో ఒక కంప్యూటర్. పొద్దున రైతులు తెచ్చిన శనగల మచ్చు చూసి ఎవరి అంగట్లో వాళ్ళు కూర్చుని తమ ధర కొడతారు. అవన్నీ సర్వర్‌లో చేరతాయి. గడువు ముగిశాక సంఘం గుమాస్తా వాటిని తెరిచి అందరి ముందూ చదువుతాడు. ఎక్కువ ధర ఎవరిదైతే సరుకు వాళ్ళది.

"తువ్వాలే ఇది. కరెంటు తువ్వాల," అన్నాడు శెట్టి గర్వంగా.

ఆ తువ్వాల కిందికి ఎవరో తొంగిచూస్తున్నారు. కొన్నాళ్ళుగా ప్రతి మంచి సరుకుకూ అందరికంటే ఎక్కువ వచ్చిన ధర మీద పిసరంత ఎక్కువతో ఒక ధర వస్తోందట. అదీ ఎప్పుడూ ఒకే అంగడి నుంచి కాదు, రోజుకో అంగడి నుంచి. గడువు తీరకముందే ఎవరో ధరలు చదివి అందిస్తున్నారు.

"ధరలు తెరిచే పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు?" అని అడిగాను.

"నాకూ, మస్తానుకూ. నాకు తెలుసు గానీ నాకు కొట్టేది రాదు," అన్నాడు శెట్టి.

మస్తాన్ వలి ఆ సంఘం గుమాస్తా. అప్పటికి నలభై దగ్గరపడుతున్న మనిషి. మొదట కాటా దగ్గర బస్తాలు తూచేవాడు. నంద్యాలకు పోయి టైపూ కంప్యూటరూ నేర్చుకొని వచ్చి ఈ కుర్చీలో కూర్చున్నాడు. నేను ల్యాప్‌టాప్ తెరిస్తే స్టూలు లాక్కొని పక్కనే కూర్చున్నాడు. తన మీదే అనుమానం ఉందని ఆయనకు తెలుసు. అయినా ఆయన కళ్ళలో ఆసక్తే కనబడింది.

"ఇంత నల్లగుండాదేం సారూ? బొమ్మలేమీ రావా?"

"రావు. దీన్ని కమాండ్ లైన్ అంటారు. మౌసుతో పని లేదు. ఏం కావాలో అక్షరాల్లో కొట్టి చెప్పాలి."

ఆ రోజు మస్తాన్‌కు చెప్పిన మాటలే ఇక్కడా చెబుతాను. ఆ నల్లతెర మీద నేను నడిపే టెస్టింగ్ టూల్ ఒక బోరు రిగ్గు లాంటిది. ఉత్త రిగ్గు నేలను తొలవలేదు, దానికి బిట్టు తగిలించాలి. మట్టికి ఒక బిట్టు, రాతికి ఇంకొకటి. ఈ టూల్‌లో అలాంటి బిట్లు వందల సంఖ్యలో ఉంటాయి. వాటిని మాడ్యూల్స్ అంటారు. ఒక మాడ్యూల్ ఎదుటి కంప్యూటర్‌లో ఏ తలుపులు తెరిచి ఉన్నాయో చూస్తుంది. ఇంకొకటి ఆ తలుపు వెనక ఏ సాఫ్ట్‌వేర్ కూర్చుని ఉందో చెబుతుంది. మరొకటి పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచి పెట్టిన ఫోల్డర్లు ఉన్నాయేమో వెతుకుతుంది. సెర్చ్ అని కొట్టి కావలసిన మాడ్యూల్‌ను వెతుక్కోవాలి. యూజ్ అని కొట్టి దాన్ని తగిలించాలి. షో ఆప్షన్స్ అంటే, పని మొదలుపెట్టే ముందు ఆ మాడ్యూల్‌కు ఏమేం చెప్పాలో చూపిస్తుంది. అందులో ముఖ్యమైనది టార్గెట్ అడ్రసు, అంటే ఏ కంప్యూటర్‌ను పరీక్షించాలో ఆ కంప్యూటర్ నంబరు. సెట్ అని కొట్టి ఆ నంబరు ఇచ్చి, చివర్న రన్ అనాలి.

"అయితే నీళ్ళు పడతాయంటారా సారూ?" అన్నాడు మస్తాన్.

"పడకపోతేనే మీ శెట్టికి మంచిది."

"మా శెట్టికి మంచిదైతే నాకు చెడ్డది కదా," అని నవ్వాడు. ఆ మాటలో ఎంత ఉందో నాకు అప్పుడు పట్టలేదు. సర్వర్‌లో కన్నం లేకపోతే, ధరలు చదవగలిగిన మనిషి అతనొక్కడే అవుతాడు.

మొదటి మాడ్యూల్ తగిలించాను. షో ఆప్షన్స్ చూశాను. సర్వర్ అడ్రసు సెట్ చేసి రన్ కొట్టాను. ఏ తలుపులు తెరిచి ఉన్నాయో వరుసగా వచ్చింది. ఫైళ్ళు పంచుకునే తలుపు కూడా తెరిచి ఉంది. ఆఫీసుల్లో అది మామూలే. ఆ తలుపు వెనక తాళం లేని ఫోల్డర్ ఏదైనా ఉందేమో చూడాలి. రెండో మాడ్యూల్ తగిలించాను. షో ఆప్షన్స్ కొడితే టార్గెట్ దగ్గర అడ్రసు అప్పటికే నిండి ఉంది. ఇందాక ఇచ్చిందే వచ్చి ఉంటుందనుకున్నాను. నంబరు మొదటి సగం చూశాను, సరిపోయింది. రెండో సగం చదవలేదు. రన్ కొట్టాను.

తాళం లేని ఫోల్డర్ ఒక్కటీ లేదని జవాబు వచ్చింది.

ఆ తర్వాత ఇంకొన్ని మాడ్యూల్స్ వరుసగా తగిలించాను. ప్రతిసారీ అడ్రసు నిండే ఉంది, ప్రతిసారీ లోపం లేదనే జవాబే వచ్చింది. ఒక చిన్న ఊరి సర్వర్ ఇంత గట్టిగా ఉందేమిటని ఆశ్చర్యపోయాను. ఆశ్చర్యం వేసినచోట ఆగి వెనక్కి చూడాలని ఇప్పుడు పిల్లలకు చెబుతాను. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు.

మధ్యాహ్నం శెట్టితోనూ, మరో నలుగురు పెద్ద వర్తకులతోనూ అన్నాను: "బయటివాళ్ళు దూరే సందు లేదండీ. ధరలు చదివినవాళ్ళు పాస్‌వర్డు తెలిసినవాళ్ళే అయి ఉండాలి."

నేను ఎవరి పేరూ చెప్పలేదు. ఆ మాటను చాలా కాలం పట్టుకొని వేలాడాను. పాస్‌వర్డు తెలిసినవాళ్ళు ఇద్దరు, అందులో ఒకరికి కొట్టడం రాదు. ఇంక పేరు చెప్పడం దేనికి?

శెట్టి కేకలు వేయలేదు. మస్తాన్‌ను పిలిచి, "తాళాలు ఈడ పెట్టు," అన్నాడు.

"నేను చూడలేదు శెట్టీ."

"చూసినావని నేను అంటాండానా? కంప్యూటర్ సారు అంటాండాడు. తాళాలు ఈడ పెట్టి ఇంటికి పో. రేపు పొద్దున అందరి ముందర ఇంగోసారి చూపిచ్చమంటాం. నువ్వూ రా. ఆమీద నీ ఇష్టం, మా ఇష్టం."

మస్తాన్ తాళాల గుత్తి మేజా మీద పెట్టాడు. నా వైపు తిరిగి, "ఆ బిట్టు సరిగ్గా పనిచేస్తాదా సారూ?" అని అడిగాడు. కోపంగా అడగలేదు.

"చేస్తుంది," అన్నాను. అది నిజమే. బిట్టు బాగానే పనిచేసింది.

మర్నాడు సంఘం హాలు నిండిపోయింది. ముందు వరసలో శెట్టి, వెనక వర్తకులు, వాకిలి దగ్గర గోడకు ఆనుకొని మస్తాన్. సర్వర్ ఒక మూల పీట మీద ఉంది. దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. కింద యూపీఎస్. నా ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి మూత తెరిస్తే, అన్నీ ముందురోజు వదిలిన చోటే ఉన్నాయి. ఫోల్డర్లు వెతికే మాడ్యూల్ తగిలించి రన్ అని కొట్టబోతుండగా కరెంటు పోయింది.

మా వైపు పగలు కరెంటు పోవడం పెద్ద వార్తేమీ కాదు. ఫ్యాన్లు నెమ్మదిగా ఆగాయి. యూపీఎస్ కాసేపు కుయ్యికుయ్యిమని అరిచి, ఒక్కసారిగా గొంతు పడిపోయింది. దాంతోపాటు సర్వర్‌లోని ఫ్యాన్ కూడా ఆగింది. అందరూ తలలు పైకెత్తి ఫ్యాన్ల వైపు చూస్తూ తిట్టుకుంటున్నారు.

"యూపీఎస్‌కు కొత్త బ్యాటరీలు వేపిచ్చమని చెప్తే ఇనకపోతివి శెట్టీ," అన్నారెవరో.

"నీ చందా కడితే వేపిస్తా," అన్నాడు శెట్టి.

ఆ మాటల మధ్య నా వేలు అలవాటుగా రన్ కొట్టేసింది. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. ఎలాగూ జవాబు రాదు, ఆపేద్దామని తెర వైపు చూశాను.

జవాబు వచ్చింది. తాళం లేని ఫోల్డర్ ఒక్కటీ లేదు.

నిజం చెప్పాలంటే ముందు నాకు భయం కాదు, కుతూహలమే కలిగింది. మూలనున్న సర్వర్ కట్టెలా పడి ఉంది. ఒక దీపం కూడా వెలగడం లేదు. మరి ఇంత స్పష్టంగా పలికింది ఎవరు? షో ఆప్షన్స్ కొట్టి, ఈసారి నంబరును చివరిదాకా చదివాను. అది సర్వర్ నంబరు కాదు. నా ల్యాప్‌టాప్ లోపల ఉన్న ఇంకో కంప్యూటర్‌ది.

ఆ ముక్క కొంచెం విడమరచి చెప్పాలి. పాఠాలు చెప్పడానికి నేను ల్యాప్‌టాప్‌లోనే ఒక బొమ్మ కంప్యూటర్‌ను నడిపేవాణ్ణి. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. కడపలో పిల్లలకు ముందు దాని ఫోల్డర్ ఎలా తెరిచి ఉందో చూపించి, తర్వాత దానికి తాళం ఎలా వేయాలో నేర్పాను. ఒక్కో మాడ్యూల్ మార్చినప్పుడల్లా అడ్రసు కొట్టడం విసుగని, దాన్ని సెట్ బదులు సెట్‌జీ అనే ఆదేశంతో ఇచ్చాను. సెట్ అంటే తగిలించి ఉన్న ఒక్క మాడ్యూల్‌కే చెప్పినట్టు. సెట్‌జీ అంటే అన్ని మాడ్యూల్స్‌కూ కలిపి చెప్పినట్టు. ఈ ఊళ్ళో నేను సర్వర్ నంబరును సెట్‌తో మొదటి మాడ్యూల్‌కు మాత్రమే ఇచ్చాను. రెండోదాని నుంచి అన్నీ కడపలో చెప్పిన పాత నంబరునే పట్టుకున్నాయి. రెండు నంబర్లూ ఒకే రకంగా మొదలవుతాయి. ముందురోజు మధ్యాహ్నందాకా నేను పరీక్షించింది, నేనే తాళం వేసిన నా బొమ్మ కంప్యూటర్‌ను. అది గట్టిగా ఉండడంలో వింతేముంది?

తెర మీది అక్షరాలన్నీ తుడిచేశాను. ఎవరూ చూడలేదు. మస్తాన్ మాత్రం నా ముఖం చూశాడు.

"నీళ్ళు తెమ్మంటారా సారూ?" అన్నాడు.

వద్దన్నాను.

కరెంటు వచ్చేవరకూ చాలా సమయం దొరికింది. వర్తకులు బయట అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నారు. నేను వాళ్ళ మధ్యే కూర్చున్నాను. "నిన్న నేను తప్పు కంప్యూటర్‌ను పరీక్షించాను, మస్తాన్ మీద నేను చెప్పిన మాటకు ఆధారం లేదు" అంటే సరిపోయేది. అంత చిన్న వాక్యం. దాన్ని మనసులో పేర్చుకోవడానికి బదులు ఇంకో వాక్యం పేర్చుకున్నాను. కరెంటు రాగానే హాల్లోకి వెళ్ళి ఆ రెండోదే చెప్పాను: "నిన్న చేసింది మొదటి దశ. ఇప్పుడు రెండో దశ పరీక్ష చేస్తాను."

సర్వర్ అడ్రసును సరిగ్గా ఇచ్చి అదే మాడ్యూల్‌ను నడిపాను. ఈసారి ఫోల్డర్ల పేర్లు వచ్చాయి. తాళం లేని డిస్కు ఒకటి. అందులో పాటల ఫోల్డరు. దాని పక్కనే ధరల ఫోల్డరు.

"అవి దేవుని పాటలప్పా," అన్నాడు శెట్టి. "పొద్దున అంగడి తెరవంగానే అందరూ పెట్టుకుంటారని నేనే వేపిచ్చినా."

అప్పుడు నాకు ముందురోజు పొద్దున విన్న పాట గుర్తొచ్చింది. సర్వర్ పెట్టినవాడు పాటల ఫోల్డర్ ఒక్కటే పంచడానికి బదులు, డిస్కు మొత్తాన్నీ అన్ని అంగళ్ళకూ తెరిచిపెట్టాడు. పాట కోసం లోపలికి వెళ్ళినవాళ్ళు ఒక మెట్టు వెనక్కి వస్తే ధరలు కనిపిస్తాయి. పాస్‌వర్డు ధరలు తెరిచే ప్రోగ్రాముకు ఉంది గానీ, ఆ ప్రోగ్రాము ధరలను దాచిపెట్టే ఫైలుకు లేదు. పక్క అంగట్లోని కంప్యూటర్ దగ్గరికి శెట్టిని తీసుకెళ్ళి చూపించాను. ఆ రోజు ధరలన్నీ తెర మీదికి వచ్చాయి.

నేను ఆశించిన ఆశ్చర్యం ఆ గుంపులో కనబడలేదు. ఇద్దరు ముగ్గురు నేల చూపులు చూశారు. ఒకాయనకు లారీ లోడింగు ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చి లేచిపోయాడు. రోజుకో అంగడి నుంచి ఆ పిసరంత ఎక్కువ ధర ఎందుకు వచ్చేదో శెట్టికీ అర్థమైంది. ఎవరెవరని ఆయన అడగలేదు. అడిగితే సంఘమే మిగలదు.

మస్తాన్‌ను పిలిచి తాళాల గుత్తి చేతిలో పెట్టాడు. "సరేలేప్పా. ఇంగ గమ్మున పని చూసుకో," అన్నాడు.

బస్సు దగ్గరికి మస్తాన్ నా సంచి మోసుకొచ్చాడు, వద్దన్నా వినలేదు. "అల్లా పంపిచ్చినట్ల వచ్చినారు సారూ. మీరు రెండో దశ చెయ్యకపోతే నా బతుకేమయ్యేది," అన్నాడు. నేను నవ్వి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ పంట రోజుల్లో మస్తాన్ పంపిన శనగలు బస్సు పార్సిల్‌లో నాకు వచ్చేవి. నా భార్య వాటిని అందరికీ పంచుతూ, "మా ఆయన ఒకరి ఉద్యోగం నిలబెట్టారు" అని చెప్పేది. నేను కాదనలేదు.

మొన్న ఒక తరగతిలో ఈ కథ చెబుతూ, రెండో దశలోనూ మొదటి దశ మాడ్యూల్‌నే నడిపానని నోరు జారాను. చప్పట్లు అయ్యాక వెనక బెంచీలోని అమ్మాయి చేయెత్తి అడిగింది: "సర్, మొదటి దశలో ఫోల్డర్ ఎందుకు దొరకలేదు? మాడ్యూల్ అదే కదా?" ఇన్నేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. నా దగ్గర జవాబు ఉంది. అక్కడ చెప్పలేకపోయాను. అది ముందు వినవలసిన మనిషి వేరే ఉన్నాడనిపించింది.

మస్తాన్ ఇప్పుడు సంఘంలో లేడు. బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల అంగడి పెట్టుకున్నాడు. ఇల్లు దాని వెనకే. ఆ ఊరు వెళ్ళి అతని అంగడి మెట్లెక్కాను. నన్ను చూసి లేచి వచ్చి కౌగిలించుకున్నాడు. నేను కూర్చోకుండానే అంతా చెప్పాను. కడప పాఠం, పాత నంబరు, ఆగిపోయిన సర్వర్, పలికిన జవాబు, నేను తుడిచేసిన తెర.

అతను జిరాక్సు మిషన్ మూత వేసి నా వైపు తిరిగాడు.

"అయితే ఆ పొద్దు కరెంటు పోకపోయింటే?"

"ముందురోజు జవాబే మళ్ళీ చూపించి బస్సెక్కేవాణ్ణి."

"తాళాలు తిరిగిచ్చినారు గానీ సారూ, ఆమీద ధరలు తెరిచేటప్పుడు శెట్టి బామ్మర్ది నా పక్కన కూర్చునేటోడు. మొదటి దశలో మీరన్న మాట తప్పని ఎవరూ చెప్పలేదు కదా, శెట్టి మన్నిచ్చి పెట్టుకున్యాడనేటోళ్ళు అంగట్లో. అది నేను తట్టుకున్యా. రెండేండ్లు చూసి మానుకున్యా. ముందుదినం తాళాలు పెట్టి ఇంటికొస్తే మా ఆమె అడిగింది, నిజ్జంగా చూసినావా అని. అదొకటి మాత్రం..."

మస్తాన్ వెనక ఇంటి వైపు చూశాడు.

"ఈ మాట నాకు చెప్తే ఏమొస్తాది సారూ? నేను చూడలేదని నాకు ముందే తెలుసు. ఆమెకు చెప్పండి."

వెనక ఇంట్లో అతని భార్య ఖాసింబీ బియ్యం ఏరుతోంది. చాప వేసింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను, మాడ్యూల్ గొడవ లేకుండా. ఒక కంప్యూటర్ బదులు ఇంకోదాన్ని చూసి మీ ఆయన మీద మాట వచ్చేలా చేశానని, తెలిశాక కూడా దాచానని. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. భర్త వైపు ఒకసారి చూసింది. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

"శెట్టికి చెప్పినారా?" అని అడిగింది.

"ఇంకా లేదమ్మా."

"చెప్పి రాండి. వచ్చినాక టీ పెడతా."

శెట్టి ముసలివాడయ్యాడు. అంగడి కొడుకు చూసుకుంటున్నాడు. మంచం మీద కూర్చుని అంతా విని, "అట్లయితే మస్తాన్‌ది ఏమీ లేదా?" అన్నాడు.

"మొదటి నుంచీ ఏమీ లేదు శెట్టిగారూ."

"మన్నిచ్చినానని ఊరంతా చెప్పుకున్యానే," అన్నాడు. "ఇప్పుడు అంగడంగడికీ తిరిగి కాదని చెప్పే ఓపిక నాకు లేదప్పా. నువ్వు సదువుకున్నోనివి. రాయి. రాసి పంపితే నా కొడుకు అందరికీ చదివి ఇనిపిస్తాడు."

అందుకే ఇది రాశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను ఇప్పుడు ఒక అలవాటు నేర్పుతున్నాను. ఏ మాడ్యూలైనా సరే, లోపం లేదని చెప్పినప్పుడు ఆ జవాబును వెంటనే రిపోర్టులో రాయకండి. యజమాని ఒప్పుకుంటే, పరీక్షిస్తున్న కంప్యూటర్ వైరును ఒక్క నిమిషం పీకి, అదే మాడ్యూల్‌ను మళ్ళీ నడపండి. అప్పుడది మూగబోవాలి. వైరు పీకినా క్షేమమనే అంటూ ఉంటే, ఆ మాట ఎవరి గురించో వెతకండి. అది తేలేదాకా ఏ మనిషి గురించీ నోరు విప్పకండి. పొరపాటు అందరికీ జరుగుతుంది. నా పొరపాటు ఒక పగలూ ఒక రాత్రీ మాత్రమే ఉంది. దాన్ని ఇన్నేళ్ళు బతికించింది నేను రెండో రోజు చెప్పిన 'రెండో దశ' అన్న మాట.

ఆ రోజు శెట్టి ఇంటి నుంచి తిరిగి వచ్చేసరికి ఖాసింబీ వాకిట్లోనే ఉంది. ఏమన్నాడని అడగలేదు. లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. మస్తాన్ స్టూలు తెచ్చి నా పక్కన వేసుకొని కూర్చున్నాడు.

"ఆ నల్లతెర టూలు ఇంగా ఉండాదా సారూ?" అన్నాడు. "ఒకసారి తెరవండి. ఆ పొద్దు సగంలోనే నన్ను లేపేసిరి."